కట్టెల అడ్తి అవతలి గోలు

నాందేడ్,
4 జూన్ 1972

వసుమతి వదినెకు ప్రభావతి నమస్కారాలు.

మేము గీడ మంచిగున్నం. నువ్వు, అన్నయ్య మంచిగున్నరని తలుస్త. నేను బడిల చదివింది ఉర్దూ. తెలుగు అక్షరాలు మిద్దె మీద నీ పక్కన కూసొని నేర్చుకున్నయే. అందుకని మాట్లాడినట్టే రాస్త. తప్పులు దిద్దకుండ చదువుకో.

సంగతేందంటే, మా ప్రహ్లాద్ గురించి. బావగారి బట్టల దుకాణంల వాటా పెట్టి, నాంపల్లి ఇల్లు మీకు అప్పజెప్పి మేము గీడికొచ్చినప్పుడు వాడు రానన్నడు గద. "యంగ్‌మెన్ క్లబ్బుల ఫుట్‌బాల్ ఆడుత, నాంపల్లి ఇడువ" అన్నడు. నీ చేతి అన్నం తింటడన్న ధైర్యంతోని ఇడిచిపెట్టిన. ఇప్పుడు మా ఇంటాయన గట్టిగ జెప్పిండు. ఈ ఒక్క సీజన్ చూస్తడట. పోరడు ఆటకు పనికొస్తే ఆడనిస్తడు, లేకుంటే వచ్చి తోలుకొస్తడు. దుకాణంల గద్దె మీద కూసుంటడు.

"పనికొస్తడో లేదో ఎవరు జెప్పాలె?" అని అడిగిన.

"మీ వదినెను అడుగు. ఆమె అబద్ధమాడదు" అన్నడు.

అన్నేండ్లు ఒకే పిట్టగోడ మీద మోచేతులు పెట్టి ఆట చూసినం. బంతి కాలికి రాకముందే వాడెసుంటోడో చెప్పేటోళ్లం. ఇప్పుడు వాణ్ణి నా కొడుకనుకోకు, నీ చేతి ముద్ద తిన్నోడనుకోకు. మూడో నంబరు బనీను అనుకో. ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు వద్దంటే నేనే పిలిపించుకుంట.

నీ
ప్రభావతి


నాంపల్లి, హైదరాబాద్,
15 జూన్ 1972

ప్రియమైన ప్రభావతి వదినకు,

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టి, దీపం వెలిగించాక విప్పాను.

ఎందుకో మొదటి రోజులు గుర్తుకొచ్చాయి. రాజధాని మారి, కర్నూలు నుంచి ఆఫీసు సామానుతో పాటు మమ్మల్నీ ఈ ఊరు పంపితే, మీ ఇంట్లో ఒక వాటాలో అద్దెకు దిగినప్పుడు నాకు ఇక్కడ మాట్లాడే మనిషి లేదు. పాలవాడు ఏమడుగుతున్నాడో తెలిసేది కాదు. ఒక సాయంత్రం డాబా మీద వడియాలు పెట్టుకుంటుంటే నువ్వు పైకొచ్చి, "జర జరుగు వదినె, ఆట షురూ అయితది" అన్నావు. జర అంటే ఏమిటో, ఏ ఆటో తెలియకుండానే జరిగాను. ఆ రోజు వడియాలన్నీ కాకులు తినేశాయి. నాకు మాత్రం ఒక వదిన దొరికింది.

అప్పటి యంగ్‌మెన్ ఎలా ఉండేవారు! పేరుకే కుర్రాళ్ళు. అందరికీ ముప్ఫై దాటాయి, సగంమందికి బట్టతల. అయినా బంతి వాళ్ళ మాట వినేది. కప్పు గెలిచిన ఏడాది బ్యాండు మేళంతో స్టేషన్ రోడ్డంతా తిరిగి, మన వాకిట్లో ఆగి మీ అత్తగారి చేత హారతి పట్టించుకున్నారు, గుర్తుందా? ఇప్పుడు నిజంగానే అందరూ కుర్రాళ్ళు. మంచి ఆటగాళ్ళనల్లా కలకత్తా, బొంబాయి క్లబ్బులవాళ్ళు తీసుకుపోయారు. మిగిలినవాళ్ళకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఓడిపోయాక బూట్లు భుజాన వేసుకుని తల వంచుకుని వెళ్తుంటే, ఒక్కొక్కణ్ణీ పిలిచి మజ్జిగ ఇవ్వాలనిపిస్తుంది.

మైదానం మనకు ఎప్పటిలాగే సగమే కనిపిస్తుంది. ఇటువైపు గోలు మన డాబా కిందే ఉన్నట్టుంటుంది. అటువైపు గోలు కట్టెల అడ్తి రేకుల కప్పు వెనక. అక్కడ జరిగేది మనం చెవులతోనే చూసేవాళ్ళం. నువ్వు తల అటు వంచి, "గోలు కాలే, కట్టెకు తగిలింది" అంటే అంతే. మర్నాడు పేపర్లో కూడా అలాగే ఉండేది. ప్రహ్లాద్ బ్యాక్ కాబట్టి మన గోలు ఇటువైపు ఉన్నంతసేపూ నా కళ్ళముందే ఉంటాడు. సగం ఆటయ్యాక వైపులు మారితే, అడ్తి వెనక్కి మాయమవుతాడు.

మొదటి ఆట అయింది. ఒక్క ఆటతో ఏమీ చెప్పలేను. వాడు బాగా తింటున్నాడు. ఈ ఉత్తరం అబిడ్స్ పోస్టాఫీసులో వేసేది కూడా వాడే.

నీ
వసుమతి


నాందేడ్,
28 జూన్ 1972

వదినెకు,

పాత ముచ్చట్లు రెండు పేజీలు రాసినవ్. నా కొడుకు గురించి "బాగా తింటున్నాడు" అని ఒక్క ముక్క రాసినవ్. తినుడు సంగతి నేనడిగిన్నా?

నువ్వు మెత్తగ మాట్లాడినవంటే ఏదో దాస్తున్నవని నాకెరుకే. తెలంగాణ గొడవల ఏడాది గల్లీల పోరగాండ్లు మీ తలుపు మీద రాయి ఏస్తే, "గాలికి కొట్టుకుంది వదినా" అన్నవ్. రాయి నా కాలికి తగిలినంక గద తెలిసింది. రెండోనాటి సంది మా ఇంటాయన మీ వాకిట్ల కుర్సీ ఏసుకొని కూసున్నడు. నువ్వు ముందే జెప్తే ముందే కూసుంటుండె.

గట్ల దాయకు. నీ మాట కోసం గీడ ఇద్దరం కాసుకొని ఉన్నం.

ప్రభావతి


నాంపల్లి,
20 జూలై 1972

ప్రియమైన వదినకు,

నువ్వన్నది నిజమే. దాచాను. ఇక దాచను.

నాలుగు ఆటలు చూశాను. మూడు పోయాయి, ఒకటి సమానంగా ముగిసింది. బంతి దూరంగా ఉన్నంతసేపూ ప్రహ్లాద్ చక్కగానే నిలబడతాడు. దగ్గరికి రాగానే, పొయ్యి మీద ఏదో మరిచిపోయి వచ్చినవాడిలా ఒక్క క్షణం ఆగిపోతాడు. ఆ క్షణంలో అవతలివాడు పక్కనుంచి దాటిపోతాడు. పాత రోజుల్లో మనకొక బ్యాక్ ఉండేవాడే, నువ్వు "తాళంకప్ప" అని పేరు పెట్టినాయన. ఆయన నిలబడితే తలుపు మూసుకున్నట్టే. ప్రహ్లాద్ తలుపు దగ్గరగా వేస్తాడు గానీ గడియ పెట్టడు.

గోడ కింద సైకిల్ షాపు అంజయ్య గుంపు ఇంకా అక్కడే కూర్చుంటోంది. మొన్న బంతి ప్రహ్లాద్ పక్కనుంచే పోయి గోలయింది. అంజయ్య లేచి, "ఏయ్ మూడో నంబర్! వచ్చినోనికల్లా తొవ్వ చూపెడుతున్నవ్, ట్రాఫిక్ పోలీసోనివారా?" అని అరిచాడు. పక్కనున్నవాడు, "తీసుకపోయి ఏదన్న దుకాణంల కూసోబెట్టుండ్రి. గిరాకీలకు తొవ్వ ఇస్తడు" అన్నాడు. అందరూ నవ్వారు. మీ ఇంట్లో అనుకున్న మాట వాళ్ళకెలా తెలుస్తుంది? ఊరికే అన్నారు. నేను మాత్రం పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను.

గెలిపించమని స్వామిని అడగడం నాకు తప్పనిపిస్తుంది. అవతలి పిల్లల తల్లులకూ ఆయనే దేవుడు కదా. దెబ్బలు తగలకుండా చూడమని మాత్రం రోజూ మొక్కుతున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. ఇలా ఆడితే వాడు నిలవడు వదినా. ఈ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు వాడు గుమ్మంలో నిలబడి, "ఉత్తరం ఇయ్యి అత్తమ్మా, పోస్టు టైమైతుంది" అంటున్నాడు.

వసుమతి


నాందేడ్,
2 ఆగస్టు 1972

వసుమతి వదినెకు,

నీ ఉత్తరం అందింది. ఇంటాయనకు చదివి వినిపించిన. తలకాయ ఊపి దుకాణంకు పోయిండు. పొద్దూకి వచ్చినంక చెప్పిండు. సెప్టెంబర్ల ఆఖరి ఆట ఉన్నది గద, గానాటికి హైదరాబాద్ వస్తడట. ఆట కాంగనే పోరణ్ణి తోలుకొస్తడట. వాడు కూసునేటందుకు గద్దె మీద కొత్త పరుపు కూడ ఏయించిండు.

నీ మీద నాకు కోపం లేదు. ఉంటే రాయకపోతుంటి.

ఒక్కటే అడుగుత. నువ్వు చూసింది ఇటు దిక్కు గోలే గద. అడ్తి అవతల వాడేం జేస్తున్నడో ఎవరు జూసిన్రు? పాతోళ్లను మనం చప్పుడుతోని తూచినం. మన మాటతోని వాళ్లకు వచ్చేది లేకుండె, పోయేది లేకుండె. నా కొడుకును చప్పుడుతోని తూచకు వదినె. నేను నాంపల్లిల పుట్టి పెరిగి గా మైదానంల ఎన్నడు కాలు వెట్టలే. ఆడోళ్లు పోయే జాగ కాదనిరి, నేను ఊకున్న. ఇప్పుడు నిన్ను పొమ్మంటున్న. అన్నయ్యను తోలుకొని పో. అవతలి గోలు కాడ కూసో. గాడ గూడ గిట్లనే ఉంటే, నేనేమనను. నా చేతులతోని వాని పక్క పరుస్త.

ప్రభావతి


నాంపల్లి,
21 ఆగస్టు 1972

ప్రియమైన వదినకు,

వెళ్ళాను.

మీ అన్నయ్యగారిని బతిమాలి తీసుకువెళ్ళాను. కొంగు నిండా కప్పుకుని, ఆయన వెనకాలే నడిచి, అవతలి గోలు పక్కన సిమెంటు మెట్ల మీద కూర్చున్నాను. ఆడవాళ్ళలో నేను, శనక్కాయలమ్మే పూలమ్మ తప్ప ఇంకెవరూ లేరు. ఈయన పేపరు తీసి, "మనవాళ్ళెవరు?" అన్నారు. "పసుపు చారల బనీన్లవాళ్ళు" అన్నాను. కాసేపు చూసి, "ఓడిపోతున్నవాళ్ళేనా?" అన్నారు. అవునన్నాను. మళ్ళీ పేపరు తెరిచారు.

ఇన్నేళ్ళూ విన్న ఆ గోలును కళ్ళారా చూశాను. మనం ఎంతో ఊహించుకున్నాం గానీ, రెండు కర్రలు, మీద ఒక దూలం, పురికొసతో కట్టిన చిరుగుల వల. అంతే. నమస్కారం పెట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను.

మొదటి సగం మనవాళ్ళ గోలు అదే. వదినా, అక్కడ ఆడింది మన ప్రహ్లాదేనా అని కళ్ళు తుడుచుకుని చూశాను. అవతలివాడు ఎటు తిరుగుతాడో వీడికి ముందే తెలిసినట్టు అక్కడ ఉంటాడు. తొందరపడడు. బంతిని మెల్లగా తీసుకుంటాడు, పసివాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు. నా ముందు మెట్టు మీద గొడుగు పట్టుకుని కోదండరామయ్య మాస్టారని రిటైరైన టీచరు, ఆయన పక్కన ఒక నడివయసు ఆయన మాట్లాడుకుంటున్నారు.

"చూసిన్రా సార్! వాడు సోచాయించకముందే గుంజుకున్నడు!"

"ఈ గోలు దగ్గర అంతేనయ్యా. వైపులు మారనీ, ఈ అబ్బాయేనా అని నువ్వే అడుగుతావు."

"ఔ సార్. గా మిద్దె దిక్కు పోతే పోరనికి ఏమైతదో ఏమో! గాలి సోకినట్టయితది."

"అంజయ్య వాళ్ళు వీణ్ణి తీసెయ్యాలని క్లబ్బువాళ్ళ ప్రాణం తీస్తున్నారు. మేమేమో ఉంచమంటాం. రోజూ హోటల్లో ఇదే తగువు. చాయ్ చల్లారిపోతోంది గానీ తెగడం లేదు."

వైపులు మారాయి. వాడు అటు వెళ్ళి నిలబడ్డాడు. నిలబడగానే తల పైకెత్తి చూశాడు. ఎటు చూశాడా అని నేనూ చూశాను. మన డాబా. వదినా, అక్కణ్ణుంచి చూస్తే మన పిట్టగోడ ఎంత ఎత్తుగా, ఎంత దగ్గరగా ఉందో! మైదానంలో ఏ మూల ఉన్నవాణ్ణయినా అది చూస్తూనే ఉంటుంది. నేను ఆ రోజు అక్కడ లేను. ఖాళీ డాబానే వాడు వెతుక్కున్నాడు. బంతి వస్తోంది, అయినా ఇంకోసారి తల ఎత్తాడు. అవతలివాడు దాటిపోయాడు.

సాయంత్రం వడ్డిస్తూ అడిగాను. ముద్ద చేతిలో పట్టుకుని అన్నాడు:

"గాడ బంతిని చూస్త అత్తమ్మా. గీడ నిన్ను చూస్త. అమ్మకు ఏం రాస్తవో అని సోచాయిస్త. గంతల వాడు పోతడు."

"మరి నాతో ఒక్కమాట చెప్పకూడదట్రా?"

"ఏమని జెప్పాలె? దీపం పెట్టే టైము ఆపుకొని నాకోసం మిద్దెక్కుతవ్. రాకు అని ఎట్లంట?"

పెరుగు వేశాను.

కాబట్టి నా తీర్పు ఇది వదినా, దేవుడి ఎదుట రాస్తున్నాను. వాడికి ఆట వచ్చు. మన కళ్ళు మీద పడకపోతే వస్తుంది.

వసుమతి


నాందేడ్,
30 ఆగస్టు 1972

వదినెకు,

నీ ఉత్తరం చదివి నవ్విన, ఏడ్చిన. మా పెద్దకోడలు చూసి ఫికర్ వడ్డది.

ఇంటాయనకు చదివిన. "మనం చూస్తే రాని ఆట ఏం ఆట? గిరాకీ చూస్తుంటె బట్ట కొలువనోడు దుకాణందారా?" అన్నడు. టికెట్ కొన్నడు. ఆఖరి ఆట నాడు పగటి బండికి కాచిగూడల దిగుతడు.

గానాడు నువ్వు మిద్దె ఎక్కకు వదినె. ఇంట్లనే ఉండు. ఆయనను గూడ ఎక్కనియ్యకు. ఇంకేం జేయాలెనో నాకు తెలుస్తలేదు. నువ్వే సోచాయించు.

ప్రభావతి


నాంపల్లి,
18 సెప్టెంబర్ 1972

ప్రియమైన వదినకు,

నేను ఎక్కకపోతే చాలదు వదినా. ఖాళీ డాబాను కూడా వాడు వెతుక్కోవడం చూశాను కదా. వెతకడానికి అక్కడ ఏమీ లేకుండా చేయాలి.

నిన్న ఆటకు కాస్త ముందు ఇంట్లో ఉన్న నేత చీరలూ, మీ అన్నయ్యగారి పంచెలూ, దుప్పట్లూ అన్నీ తడిపాను. మడి బట్టలు తప్ప ఏదీ మిగల్చలేదు. పిట్టగోడ పొడుగునా దండెం కట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా సందు లేకుండా ఆరేశాను. ప్రహ్లాద్ బూట్లు తుడుచుకుంటూ చూశాడు.

"ఏంది అత్తమ్మా గిన్ని బట్టలు?"

వాడితో అబద్ధమాడలేను. "నీకోసమేరా నాన్నా. నేను వీటి వెనకాల ఉంటాను. చూడను. ఇవాళ ఆటలో ఏం జరిగిందో మీ అమ్మకు రాయాలంటే నువ్వే చెప్పాలి" అన్నాను. వాడు పెద్దగా నవ్వాడు. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు.

ఓడిపోతే యంగ్‌మెన్ రెండో డివిజన్‌కు పడిపోతారు. అందుకని జనం బాగా వచ్చారు. మొదటి సగం వాడు అడ్తి అవతల ఉన్నాడు. ఏ గోలూ పడలేదు. వైపులు మారే వేళకు మీవారు కాచిగూడ నుంచి రిక్షాలో వచ్చి, చేతి సంచీ కూడా దించకుండా డాబా ఎక్కారు. నేరుగా వెళ్ళి చీర అంచు పట్టుకున్నారు.

ఆయన ఎదుట నేనెప్పుడూ గొంతెత్తి ఎరగను. "వద్దన్నయ్యగారూ" అన్నాను.

"ఏంది చెల్లె? గింత దూరమొచ్చి నా కొడుకు ఆట నేను చూడొద్దా?"

"చూస్తే ఆట ఉండదు. వినండి."

ఆయనకు కోపం వచ్చింది. అయినా చీర ఎత్తలేదు. మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి ఆయన. ఇంకొకరి భయం ఆయనకు అర్థమవుతుంది.

కింద అంజయ్య గొంతు వినబడింది. "ఇగ చూడుండ్రి, మూడో నంబర్ దర్వాజ తెరుస్తడు!" పరుగెత్తే బూట్ల చప్పుడు మన వైపే వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను, ముందు చీర ఉన్నా. ధన్‌మని బంతి చప్పుడు. అది దూరంగా పోయిన చప్పుడు, వలలో పడ్డది కాదు. ఆ తేడా నువ్వు నేర్పిందే. మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే చప్పుడు. "అరె!" అన్నాడు అంజయ్య. మూడోసారికి గోడ కింద అందరూ లేచినట్టున్నారు. ఆ గోలలో అంజయ్య గొంతు ఒక్కటే పైకి వినిపించింది.

"ఇడువకు! వాణ్ణి ఇడువకు రా బిడ్డా!"

అన్నయ్యగారు నా వైపు తిరిగారు. "గా మొత్తుకునేటోడు ఎవరు?"

"సైకిల్ షాపు అంజయ్య."

"బిడ్డా అంటున్నది... మనోన్నేనా?"

"అవునన్నయ్యగారూ."

ఆయన చేతిలో ఇంకా చీర అంచు ఉంది. ఎత్తలేదు. దాన్ని పిండుతూ నిలబడ్డారు. నీళ్ళు ఆయన చెప్పుల మీద పడుతున్నాయి. ఈల మోగేదాకా అలాగే ఉన్నారు.

ఏ వైపూ గోలు పడలేదు. మొదటి డివిజన్‌లో అందరికంటే కిందనే అయినా, యంగ్‌మెన్ మిగిలారు. ఈసారి బ్యాండు లేదు. మాస్టారి గుంపు, అంజయ్య గుంపు కలిసి హోటలుకు పోయాయని మీ అన్నయ్యగారు చెప్పారు.

అన్నం దగ్గర తండ్రీకొడుకులు ఆట మాటే ఎత్తలేదు. నాందేడ్‌లో వానలు, బండిలో రద్దీ, అవే. భోజనమయ్యాక మీవారు లేచి, "నడువు" అన్నారు. వాడు సంచీ తీసుకుని వెనకాలే వెళ్ళాడు. తీసుకువెళ్తున్నారనే అనుకున్నాను. దీపం ఆలస్యంగా పెట్టుకున్నాను. సహస్రనామం చదువుతూ రెండుసార్లు తప్పాను, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

వీధి తలుపు చప్పుడైంది. అది ఎవరిదో తెలుసుకోవడానికి నాకు లేచి చూడక్కర్లేకపోయింది.

నీ
వసుమతి


నాందేడ్,
1 అక్టోబర్ 1972

నా వసుమతి వదినెకు,

ఆయన బండి దిగి ఒక్కడే వచ్చిండు. "పోరడేడి?" అన్న. "గద్దె ఏడికి పోదు, ఇంకొక్క ఏడాది చూద్దాం" అన్నడు. గిప్పుడు దుకాణంకు వచ్చినోళ్లందరికి "నా కొడుకు ఆట చూసొచ్చిన" అని చెప్తున్నడు. "చూడలే గద?" అని నేనంటే, "నీకేం తెలుసే" అంటడు.

వచ్చేటోళ్లతోని ఒక సోలాపురం చద్దర్ పంపుతున్న. మన దుకాణందే. మందంగ ఉంటది, తడిపే పని లేదు, గాలికి ఎగరదు. వచ్చే సీజన్ల చీరలన్ని పాడుచేసుకోకు, దీన్నే కట్టు. పోరడు ఎంత తలెత్తి చూసినా ఏం కనవడదు.

ఒక మూలకు ఇస్త్రీ పెట్టె తగిలి రూపాయంత తూటు వడ్డది. అందుకే అమ్ముడువోలే. నువ్వు చూడంగనే సూది తీస్తవని నాకెరుకే. దాన్ని కుట్టకు వదినె. ఆటలు షురూ అయ్యేటప్పటికి నేనొస్తున్న. వంతులేసుకుందం.

నీ
ప్రభావతి